గంటబండ

ఆ బండ మోత నేను వినలేదు. వినాలని ఇప్పుడు లేదు కూడా.

పొదిలి దగ్గర మా ఆఫీసు మిత్రుడు ప్రసాద్ వాళ్ళ మిరప చేలో ఉందది. రాతితో కొడితే కంచు గంటలా మోగుతుందని అతను చెబితే, ఒంగోలులో పని చూసుకుని వస్తూ ఆగాను. వాళ్ళమ్మ సుబ్బమ్మగారు గట్టు మీదుగా నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పక్కనే ఆడవాళ్ళు కాయ కోస్తున్నారు.

నల్లటి బండ. దెబ్బలు పడీ పడీ నడుమ అరచేయంత గుంట. బండ పక్కనున్న గుండ్రాయి తీసి చెయ్యెత్తాను. సుబ్బమ్మగారు చటుక్కున నా మణికట్టు పట్టుకున్నారు.

"కొట్టబాకండి బాబూ. ఊళ్ళో ఎవరన్నా పోతేనే కొడతాం. రైతు పోయినా, కూలి పోయినా ఒకటే. ఫోన్లొచ్చినా మాకు కబురు దీంతోనే. మోత వింటే ఎక్కడి పని అక్కడ వదిలేసి వెళ్ళిపోతారు."

చేలో అప్పటికే ఎవరూ కాయ కోయడం లేదు. అందరూ నడుములెత్తి నా చేతి వంకే చూస్తున్నారు. ఒకామె మాత్రం తలమీద కొంగు కప్పుకుని, ఒడిలోంచి కాయలు జారిపోతున్నా చూసుకోకుండా మా వైపు వచ్చేస్తోంది.

"మరియమ్మ. ఆమె మొగుడు గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు" అన్నారు సుబ్బమ్మగారు మెల్లగా.

మరియమ్మ దగ్గరికొచ్చి ఆవిణ్ణి అడిగింది. "కబురేమన్నా వచ్చిందా అమ్మా?"

"లేదే. ఈయన మావాడి స్నేహితుడు. బండ చూడ్డానికొచ్చారు."

మరియమ్మ తలూపింది. అయినా కదల్లేదు.

"ఆ రాయి కింద పెట్టండయ్యా, పనికి పోతాను" అంది.