చిన్న జింకకు ఏ తూటా?

ఏ సంగతైనా పుస్తకంలో చదివేస్తే చాలు, ఇక దాని దగ్గరికి వెళ్లనక్కర్లేదని నేను నిజంగా నమ్మిన రోజులవి. ఈత గురించి చదివాను, మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగలేదు. మనుషుల గురించి ఇంకా ఎక్కువ చదివాను. అందుకే కాబోలు, ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. అలాంటి నేను, గుడ్డు కూడా గడప దాటి రాని ఇంటి పిల్లని, ఐర్లండులో కొన్నాళ్లపాటు జింకల వేటకి ఏ తూటా వాడాలో జనానికి సలహాలు చెప్పానంటే మీరు నమ్మకపోవచ్చు. నాకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంటుంది.

అప్పుడు నేను డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతూ, దగ్గర్లోనే నేస్ అనే ఊళ్లో మా పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. బాబాయ్ బోమాంట్ వైపు ఒక ఆసుపత్రిలో డాక్టరు. చదువుతోపాటు చిన్న ఉద్యోగం ఏదైనా చూసుకుందామని కాఫీ షాపులకీ, సూపర్ మార్కెట్లకీ తిరిగాను కానీ, "మీ గురించి చెప్పండి" అనేసరికి నా నోట్లో తడి ఆరిపోయేది. చివరికి ఊరి బయట ఒక షాపు దొరికింది. ముందువైపు రెయిన్ కోట్లు, రబ్బరు బూట్లు, చేపల గాలాలు. వెనకవైపు ఇనప ఊచల తలుపు అవతల రైఫిళ్లు, తూటాలు. యజమాని ఒక పెద్దాయన. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, "రాయడం వచ్చా?" అని. తలూపాను. "గ్రాండ్" అన్నారు. ఉద్యోగం వచ్చేసింది. (ఎండ కాసినా గ్రాండే, వాన కురిసినా గ్రాండే, కప్పు కారి నెత్తిన చుక్క పడినా గ్రాండే. అందుకని డైరీలో ఆయన పేరు గ్రాండ్ తాత.) షాపు వెబ్‌సైట్‌లో వస్తువుల గురించి నాలుగు ముక్కలు రాయడం, మెయిళ్లకి జవాబులివ్వడం నా పని.

"ఏం షాపే అది?" అంది పిన్ని.

"రెయిన్ కోట్ల షాపు పిన్నీ."

అది అబద్ధం కాదు. నిజంలో ముందు సగం. ఐర్లండులో రెయిన్ కోట్ల షాపు మీద అనుమానపడేవాళ్లు ఉండరు కూడా. వెనక సగం తెలిస్తే మాత్రం మా పిన్ని ఆ సాయంత్రమే ఉద్యోగం మాన్పించేస్తుందని నాకు తెలుసు. చీమల బారు అడ్డొస్తే తుడవడం ఆపి, అవి వెళ్లేదాకా చీపురు పట్టుకుని నిలబడే మనిషి. ఉద్యోగం పోతే పోయింది అనుకోవడానికి లేదు. నా మాట కోసం మనుషులు ఎదురుచూసిన చోటు నా జీవితంలో అప్పటికి అదొక్కటే.

వచ్చే మెయిళ్లలో సగం ఒకటే అడిగేవి. విక్లో కొండల్లో ఉండే చిన్న రకం జింకకి ఏ తూటా మంచిది? నేను తుపాకి ముట్టుకున్న పాపాన పోలేదు కానీ, పుస్తకం ఉన్నాక భయమేముంది? చదివాను. తూటా బరువుని గ్రెయిన్లలో తూస్తారట. వెనకటికి గింజ బరువేనట అది. మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టన్నమాట అనుకోగానే నా బెరుకు సగం పోయింది. మరీ తేలికైన తూటా చర్మం దాటీ దాటకముందే పగిలిపోతుంది, జింక గాయంతో రోజుల తరబడి బాధపడుతుంది. మరీ గట్టి తూటా అంత చిన్న ఒంట్లోంచి విచ్చుకోకుండానే దూసుకుపోతుంది, అప్పుడూ అదే బాధ. మొన దగ్గర మెత్తటి సీసం ఉండి, లోపలికెళ్లాక పుట్టగొడుగులా విచ్చుకునేది కావాలి. అది భుజం వెనక, ఊపిరితిత్తుల్లో తగలాలి. టూ ఫార్టీ త్రీ అనే మామూలు రకం రైఫిలుకి వంద గ్రెయిన్లది సరిపోతుంది. ఇదంతా ఒక పేజీగా రాసి, చివర్న "జింకకి తెలిసేలోపే అయిపోవాలి, అదే సరైన తూటా" అని చేర్చాను. గ్రాండ్ తాత దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత "వెరీ గ్రాండ్" అన్నారు. ఆ పేజీ చదివి దూరాల నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. నేను మాత్రం వెనక గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం గ్రాండ్ తాత కేక వేశారు. "ఇటు రామ్మా, నీ పేజీ రాసిన మనిషిని చూడాలని డాక్టరుగారొకరు వచ్చారు!" తల వంచుకునే వచ్చాను. ముందు బూట్లు కనిపించాయి. మా ఇంటి గుమ్మంలో రోజూ కనిపించే బూట్లు. తలెత్తితే బాబాయ్.

"నువ్వా!" అన్నారు బాబాయ్.

"మీరా!" అన్నాను నేను.

"రెయిన్ కోట్లన్నావు గదే?"

"గోల్ఫ్ అన్నారు కదా బాబాయ్?"

ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం, పిన్ని అక్కడే నిలబడి ఉన్నట్టు.

సంగతేమిటంటే, వారం వారం ఆయన గోల్ఫ్‌కి వెళ్తున్నారని పిన్ని తెలుగువాళ్ల విందుల్లో గొప్పగా చెప్పుకుంటూ ఉండేది. "అసలేం జరిగింది బాబాయ్?" అన్నాను గొంతు తగ్గించి. ఆయన ఇంకా తగ్గించారు. "మా బాస్ ఒకరోజు టీ తాగతా, జింకల వేటకి ఒక కోర్సుంది, చివర్న పరీక్షుంటది అన్నాడే. పరీక్ష అనేసరికి నాకేమైందో ఏమో, రాసేశా." "రాస్తే?" "ఫస్టొచ్చా." (మా వైపు డాక్టర్లతో వచ్చిన చిక్కే ఇది. చిన్నప్పట్నుంచీ ప్రశ్నపత్రం కనిపిస్తే రాయడమే కానీ, పాసైతే ఏం చేయాలని ఎవరూ అడగరు.) బాస్ పొంగిపోయి, తనే పక్కనుండి గార్డ్స్ చేత, అంటే ఇక్కడి పోలీసుల చేత, లైసెన్సు ఇప్పించాడట. రైఫిలు డబ్లిన్‌లో ఒక డీలరు దగ్గర భద్రంగా ఉందట. "ఇంట్లో పెడితే మీ పిన్ని ఆయుధపూజ చేసుద్ది, ఆ తర్వాత నాకు చేసుద్ది." ఇన్నాళ్లూ అట్ట బొమ్మల మీద కాల్చారు. ఎల్లుండి శనివారం నిజం జింక.

"అందుకని అమ్మడూ," అన్నారు బాబాయ్, కౌంటర్ మీదికి వంగి, కూరగాయల కొట్లో లేత బెండకాయలు అడిగినట్టు, "కొంచెం తేలికపాటిది ఇవ్వవే. చిన్న ప్రాణి గదా, ఎక్కువ నొప్పి తగలకుండా."

నాకేమైందో తెలియదు. "తేలికదా!" అన్నాను. నా గొంతు షాపంతా వినిపించింది. "తేలికది కొడితే అది మూడు కాళ్లతో కొండంతా తిరుగుతుంది బాబాయ్! మీరు రాసిన పరీక్షలో ఇది లేదా? కొట్టేట్టయితే వంద గ్రెయిన్లది, మెత్తటి మొనది. జాలిపడేట్టయితే అసలు కొట్టకండి. మధ్యలో సగం జాలికి తూటా ఎవరూ తయారుచెయ్యలేదు!" గాలాలు చూసుకుంటున్న ఇద్దరు మనుషులు ఇటు తిరిగారు. మేము మాట్లాడింది తెలుగైనా వాళ్లకి గౌరవం కలిగినట్టుంది, టోపీలు తీశారు. బాబాయ్ నోరు తెరిచి నన్నే చూస్తున్నారు. "పోనీ, గురి తప్పేదేదైనా ఉందా?" అన్నారు నీరసంగా.

లేదన్నాను. లైసెన్సు చూసి గ్రాండ్ తాత సరైన పెట్టె ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ, "పేజీ చదివి మీ బాస్ పొద్దున ఫోన్ చేశాడు, రాసినమ్మాయిని కూడా కొండకి తీసుకురమ్మన్నాడు, నేను సరేనన్నాను, గ్రాండ్ కదా" అన్నారు బాబాయ్‌తో. కాదనడం నా చేత అయ్యే పని కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఇంటికి వెళ్లేదారిలో ఒప్పందం కుదిరింది. నేను ఆయన సంగతి చెప్పను, ఆయన నా సంగతి చెప్పరు, శనివారం ఇద్దరం గోల్ఫ్‌కి వెళ్తున్నాం.

పిన్ని సంబరానికి అంతులేదు. "మంచిదే, పిల్లకి కాస్త గాలి తగులుద్ది. ఆ ప్రెస్‌లో ఇంగువ డబ్బా ఉంది, తియ్యి, పులిహోర కలిపిస్తా" అంది. (ఇక్కడివాళ్లు వంటింటి అలమరాని ప్రెస్ అంటారు. పిన్ని దేశం మారినందుకు గుర్తుగా ఆ మాట తీసుకుంది, ఇంగువ పాళ్లు మాత్రం గుంటూరువే ఉంచుకుంది.) స్టీలు డబ్బా నిండా పెట్టి, గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ పంచమంది.

అలా శనివారం పొద్దున్నే విక్లోలో ఒక కొండవాలు మీద, తడి గడ్డిలో, ముగ్గురం బోర్లా పడుకుని ఉన్నాం. బాబాయ్ బాస్ తాటిచెట్టంత మనిషి, గుసగుసగా తప్ప మాట్లాడడు. చిన్న సీసాలోంచి తెల్ల పొడి చిమ్మి, గాలి మాకు ఎదురుగా ఉందని, మా వాసన జింకకి చేరదని చూపించి సంతోషించాడు. "రాసినమ్మాయీ, మీ ప్రకారం ఎక్కడ కొట్టాలి?" అన్నాడు. "భుజం వెనక" అన్నాను, గురువారం నాటి ధైర్యం ఏమూలో మిగిలి ఉండటంతో. కాసేపటికి పొదల్లోంచి అది వచ్చింది. నా పేజీలో అది బరువూ ఎత్తూ మాత్రమే. ఇక్కడ దానికి చెవులున్నాయి. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు తిప్పుతూ, మా పిన్ని ఫోన్ మాట్లాడుతూ పాలు పొంగుతాయేమోనని వింటున్నట్టు వింటోంది.

"మీ ఇష్టం డాక్టర్, తొందరేం లేదు" అన్నాడు బాస్ గుసగుసగా. బాబాయ్ రైఫిలు భుజానికి ఆనించారు. కొట్టకపోతే బాస్ ముందు పరువు పోతుంది. కొడితే సగం మాంసం బాస్ స్వయంగా ఇంటికి తెచ్చిస్తాడు, పిన్నికి అంతా తెలుస్తుంది, నా ఉద్యోగమూ పోతుంది. ఇవేవీ కాకుండా ఆ చెవులొకటి. బాబాయ్ మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. పరీక్ష హాల్లో జవాబు తెలియనివాడు పక్క బెంచీ వైపు చూసే చూపు అది. ఫస్టొచ్చే మనిషి ఆ చూపు చూడటం ఆయన జీవితంలో మొదటిసారి అయ్యుంటుంది.

అప్పుడే నా మెడ వెనక చల్లగా తగిలింది. గాలి తిరిగింది. మా వైపు నుంచి దాని వైపు. పుస్తకం చదివినదాన్ని కదా, ఆ మాట చెప్పాలి. నేను చెప్పలేదు. సంచీలోకి చెయ్యి పోనిచ్చి, స్టీలు డబ్బా మూత మెల్లగా ఎత్తాను.

గుంటూరు ఇంగువ విక్లో కొండ మీద ప్రయాణం కట్టింది. జింక ముక్కు ఎగరేసింది. నేలని ముందు కాలితో ఒకసారి తన్ని, ఈల వేసినట్టు ఒక అరుపు అరిచి, తెల్లటి పిరుదు చూపిస్తూ మాయమైపోయింది. బాబాయ్ వదిలిన ఊపిరికి ఎదురుగా ఉన్న గడ్డి వంగింది.

"గాలి మోసం చేసింది, మనల్ని పసిగట్టేసింది" అన్నాడు బాస్. ముక్కు ఇటు తిప్పి, "ఆ వాసనేమిటి?" అన్నాడు. "భోజనం" అన్నాను. మూడుసార్లు పెట్టించుకున్నాడు. తిన్న ఆనందంలో మమ్మల్ని తనే ఇంటి దగ్గర దింపుతానన్నాడు. దింపినవాడు దింపినట్టు వెళ్తే బాగుండేది. పిన్ని గుమ్మంలోకొచ్చి, టీ తాగి వెళ్లమంది.

రెండో గుక్కకే అంతా చెప్పేశాడు. మీవారు పరీక్షలో ఫస్టనీ, చిన్న జింకలకి తూటాల విషయంలో మీ అమ్మాయిని మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరనీ, ఎంతో ప్రేమగా. పిన్ని చిరునవ్వు చెక్కుచెదరలేదు. బిస్కెట్ల పళ్లెం బాస్ ముందుకి జరుపుతూ, అదే చిరునవ్వుతో తెలుగులో అంది: "ఆయన్ని పోనీండి, మీ ఇద్దరి తూటాలూ తీస్తాను."

బాస్ వెళ్లిపోయాడు. తలుపు పడింది.

"చచ్చిందా అది?"

"లేదు పిన్నీ."

"ఎందుకని?"

"నీ ఇంగువ వాసనకి పారిపోయింది."

పిన్ని కుర్చీలో కూర్చుంది. కోపం తెచ్చుకోవాలని గట్టిగా ప్రయత్నించింది, ఆ సంగతి కనిపిస్తూనే ఉంది. చివరికి బాబాయ్ వైపు తిరిగి, "ఇంకోసారి పరీక్షంటే నన్నడిగి రాయండి" అంది. నన్ను మాత్రం షాపు ఎక్కడో అడిగింది. దానికే నాకు భయం వేసింది.

సోమవారం నాతోపాటు షాపుకి వచ్చింది, మాన్పించడానికే. చీర మీద రెయిన్ కోటు వేసుకుని కౌంటర్ పక్కన నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే ఒక ఎర్రగడ్డం మనిషి వచ్చి, తేలిక తూటాల పెట్టె అడిగాడు, చిన్న జింకకి అవి చాలులే అంటూ. నేను వెనక గదిలోకి వెళ్లిపోయి ఉండొచ్చు. వెళ్లలేదు. ఆ తూటా ఏం చేస్తుందో, ఆ జంతువు ఎంత దూరం ఈడ్చుకుంటూ పోతుందో, ఒకటికి రెండుసార్లు వివరించి, గొంతు వణుకుతుంటే ఆగి మళ్లీ మొదలుపెట్టి, అతని చేత ఆ పెట్టె కింద పెట్టించాను. అతను థాంక్స్ చెప్పి సరైనది కొనుక్కుని వెళ్లాడు.

పిన్ని అతను వెళ్లినవైపే చూస్తూ నిలబడింది. తర్వాత గ్రాండ్ తాతతో, తనకొచ్చిన ఇంగ్లీషులో అంది: "ఇంట్లో ఇది ఇంత మాట్లాడదండీ. రానివ్వండి, ఇక్కడే ఉండనివ్వండి."

ఆయన ఏమన్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేను డబ్లిన్‌లోనే లెపర్డ్స్‌టౌన్ వైపు ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. రోజంతా మీటింగుల్లో గడగడా మాట్లాడతాను, నా మాట మీద ఏ ప్రాణమూ ఆధారపడి ఉండదు కనుక గొంతు వణకదు కూడా. అప్పుడప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆ కౌంటర్ వెనక నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. పిచ్చిది, ఏ మాటైనా పలికేముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచి చూసుకునేది. ఇప్పుడు నేను మాట్లాడేది వింటే పక్కకి తప్పుకుని, నవ్వాపుకుంటూ డైరీలో ఏదో రాసుకునేదే.