ఊచల వెనక మామయ్యగారు

మా మామగారు నా మాటకు ఎదురు చెప్పగా ఇరవై ఏళ్లలో ఒక్కసారీ వినలేదు. మా గోదావరి వైపు అంతే. సూర్యుడు పడమట పొడుస్తాడని అల్లుడంటే మామగారు "అలాగే బాబూ" అని ఊరుకుంటారు. అది మర్యాద. నేనేమో అది నా తెలివితేటలకు దక్కిన గౌరవం అనుకుంటూ వచ్చాను.

ఆయన మొదటిసారి ఆస్ట్రేలియాలో ఉన్న మా దగ్గరికి వచ్చినప్పుడు మా అమ్మాయికి హిస్టరీ అసైన్‌మెంటు ఒకటి ఉంది. విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న మనుషుల గురించి రాయాలి. స్కూలు సెలవులు కూడా కలిసొచ్చాయి కదాని అందర్నీ కారెక్కించి, మేముండే కెల్లీవిల్ నుంచి ఐదు గంటలు నడిపి, ఉత్తరాన సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ కొండకొమ్ము మీద పాత రాతి జైలు ఉంది. దూరం నుంచి చూస్తే అచ్చం కోటే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, ఈ దేశంలో స్థిరపడిన జర్మన్లను, డాక్టర్లనీ వ్యాపారులనీ చూడకుండా, శత్రువులంటూ తెచ్చి అందులో పెట్టారట. యుద్ధం అయ్యాక చాలామందిని ఓడలెక్కించి పంపేశారట. ఇప్పుడది మ్యూజియం.

ఇదంతా నేను గేటు దగ్గర బోర్డు మీద అప్పుడే చదివింది. లోపలికి అడుగుపెట్టేసరికి మాత్రం ఆ జైలు కట్టిన మేస్త్రీలా మాట్లాడటం మొదలుపెట్టాను. గోడలు ఇంత మందం ఎందుకో, కిటికీ అంత ఎత్తున ఎందుకో, జైల్లో మనిషి మనసు ఎలా ఉంటుందో కూడా మామగారికి వివరించాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని "అవును బాబూ" అంటూ వెంట నడిచారు. ఒక గదిలో ఖైదీలు నాటకాలేస్తున్న ఫోటోలూ, సముద్రంలో ఈతకొడుతున్న ఫోటోలూ ఉన్నాయి. అవి చూసి నేనొక జోకు కూడా వేశాను. అద్దె లేదు, మార్ట్‌గేజ్ లేదు, ఎదురుగా సముద్రం, మనకంటే వీళ్లే నయం కదా మామయ్యగారూ అన్నాను. ఆయన నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. కాఫీ తెస్తానని బయటికి వెళ్లిపోయింది. ఆవిడకి నా జోకులు పడకపోవడం కొత్తేం కాదు గనక పట్టించుకోలేదు.

వాళ్లు రోజంతా ఏం చేసేవాళ్లని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. తినడం, పడుకోవడం అన్నాను. అప్పుడు మామగారు గొంతు సవరించుకుని, "ఉత్తరాల కోసం చూసేవాళ్లేమో బాబూ" అన్నారు. యుద్ధంలో ఉత్తరాలేమిటి మామయ్యగారూ అని కొట్టిపారేశాను.

చివర్లో ఒక గదికి ఇనప ఊచల తలుపుంది. అలాంటిది కనిపిస్తే ఫోటో తీయకుండా వచ్చే రకం కాదు నేను. మామగారిని లోపల నిలబడమన్నాను. క్షణం ఆగారు. తర్వాత చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, నేను చెప్పినట్టే రెండు చేతులతో ఊచలు పట్టుకున్నారు. కాస్త నవ్వండి అన్నాను. నవ్వారు. ఫోటో తీసి, 'మామగారు ఆస్ట్రేలియాలో అరెస్టు' అని రాసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

కాఫీలతో వచ్చిన మా ఆవిడ తండ్రిని అలా చూసి, చేతిలోవి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"నాన్నా, బయటికి వచ్చెయ్."

"పరవాలేదమ్మా. బాబు అడిగారు."

తర్వాత నన్ను గోడ పక్కకి లాక్కెళ్లి, గొంతు తగ్గించి చెప్పింది. ఎమర్జెన్సీలో ఆయన ఏడాదికి పైగా సెంట్రల్ జైల్లో ఉన్నారు. కేసు లేదు, కోర్టు లేదు. కరపత్రాలు పంచడమే నేరం. పొద్దున్నుంచీ నేను చేసింది తాతకు దగ్గులు నేర్పడం. నాకెందుకు చెప్పలేదన్నాను. "పెళ్లిచూపుల్లో మీరేమన్నారో గుర్తు తెచ్చుకోండి" అంది.

గుర్తొచ్చింది. గారె నములుతూ అన్నాను. ఆస్ట్రేలియా వీసాకి పోలీస్ క్లియరెన్స్ అడుగుతారండీ, మాది క్లీన్ ఫ్యామిలీ, మాకు ఏ మచ్చా లేని సంబంధమే కావాలి అని. నా వీసాకీ మామగారి జైలుకీ సంబంధమేమిటో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆడపిల్ల తండ్రి ఆ మాట విన్నాడు. తన బతుకులో తలెత్తుకుని చెప్పుకోదగ్గ ఆ ఒక్క ముక్కనీ ఆ రోజే మింగేశాడు. ఆ సిగ్గుకి నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

ఈలోగా నా ఫోను మోగుతూనే ఉంది. 'బెయిలు ఎప్పుడు?' అని మా అన్నయ్య, వెనకాలే నవ్వుతున్న బొమ్మలు. ఫోటో తీసేద్దామని గ్రూపు తెరిచాను. అప్పటికి మామగారు మా అమ్మాయితో నెమ్మదిగా చెప్తున్నారు, తనూ ఇలాంటి గదిలో ఉన్నానని. నా ఫోను వంక చూసి, "తీసెయ్యకండి బాబూ. ఎందుకున్నానో కింద రాయండి" అన్నారు.

రాశాను. ఇరవై ఏళ్లుగా నాకే తెలియదని కూడా రాశాను. గ్రూపులో నవ్వులు ఆగిపోయాయి.

"వర్ యూ స్కేర్డ్, తాతయ్యా?" అని అడిగింది మా అమ్మాయి.

ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఆలోచించారు. "జైల్లో భయం వెయ్యలేదమ్మా. మీ అమ్మ పెళ్లిచూపుల రోజు వేసింది."

ఎందుకని అడిగింది. ఆయన నావైపు తిరిగి, "మీరు చెప్పండి బాబూ" అన్నారు.

పొద్దున్నుంచీ ఎవరూ అడగనివన్నీ చెప్పాను. ఇప్పుడు అడిగిన ఈ ఒక్కటీ, గారె నములుతూ నేనన్న మాటతో మొదలుపెట్టి, మా అమ్మాయికి చెప్పాను.