బండవేషంలో మింగుడుపడిన తిట్లు

తిరుపతిలో టీకొట్టు నడిపే మునిశేఖర్ ఒకప్పుడు రోజుల తరబడి నిద్రపోకుండా తిరిగి, చుట్టాలందరికీ టీకొట్లు పెట్టిస్తానని మాటిచ్చినవాడు. మనసు అలా అదుపు తప్పే జబ్బుకు డాక్టరు ఇచ్చిన లిథియం మాత్రలతో కొన్నేళ్లుగా కుదురుగా ఉన్నాడు. డాక్టరు అతని భార్య నాగులమ్మకు గట్టిగా చెప్పాడు: "వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా మాత్ర ఆపి వెంటనే తీసుకురా."

ఈ ఏడు గంగమ్మ జాతరలో అతను బండవేషం మొక్కుకున్నాడు. ఒళ్లంతా కుంకుమ పూసుకుని ఎదురైనవాళ్లను బూతులు తిట్టడమే ఆ వేషం. జనం పుణ్యం కోసం ఎదురెళ్లి తిట్లు తింటారు. మామూలు రోజుల్లో ఎవడైనా ఒక్క నిజం చెబితే మాత్రం పోలీసుల్ని పిలుస్తారు.

మొక్కు కోసం ఉప్పు కూడా మానేశాడు. చప్పిడి కూడు, మే నెల ఎండ. విరేచనాలు మొదలైతే అమ్మోరు కడుపు శుద్ధి చేస్తోందనుకుని ఇంట్లో చెప్పలేదు. ఒంట్లో ఉప్పూ నీళ్లూ తగ్గితే లిథియం బయటికి పోక పేరుకుంటుంది. మాత్రలు మాత్రం భక్తిగా మింగాడు.

జాతర రోజు తూలుతూ వీధిలోకి వచ్చాడు. చేతిలో వేపమండ గడగడా వణుకుతోంది.

"ఏం యాక్టింగ్ అన్నా! తాగినోడి మాదిరే ఉండావే!" అని కుర్రాళ్లు ఈలలేశారు.

తిట్టాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. చేపలమ్మే పోలేరమ్మకు మండింది.

"సరిగ్గా తిట్టప్పా! ఎండలో నిలబడుండాను, పుణ్యమన్నా దక్కనీ!"

నాగులమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నన్నొక తిట్టు తిట్టయ్యా."

వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు ఏదో గొణిగాడు.

ఆమె జనం వైపు తిరిగింది. "పెండ్లయిన కాణ్ణించీ తిడతా ఉండాడు, ఒక్క అక్షరం మింగినోడు కాదు. ఇది వేషం కాదు, మాత్ర ఎక్కువైపోయినాది. ఆటో పిలవండి!"

పక్కింటి సుబ్రమణ్యం అడ్డొచ్చాడు. "మొక్కు మధ్యలో పోతే అమ్మోరికి కోపమొస్తాదమ్మా!"

"తిట్లే కదా మీకు కావాల్సింది? రాండి, నేను తిడతా!"

తిట్టింది కూడా. జనం చేతులు జోడించి, పరవశంగా దారిచ్చారు.

ఆసుపత్రిలో రక్తపరీక్షలో లిథియం మితిమీరి ఉంది. మాత్ర ఆపి సెలైన్ ఎక్కించారు. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి, కిడ్నీలు పాడయ్యేవి అన్నాడు డాక్టరు.

వణుకు తగ్గి, మాట తేటపడ్డాక డాక్టరు మంచం పక్కకొచ్చాడు. "ఇక ఉప్పు మానే మొక్కులొద్దు."

"అమ్మోరికి నేను సర్దిచెప్పుకుంటా సార్," అంది నాగులమ్మ. "ఈయనకి మీరే చెప్పండి, నా మాట యాడ ఇంటాడు?"

మునిశేఖర్ గబుక్కున కళ్లు మూసుకుని గురక పెట్టాడు.