అప్పాయమ్మ వాలుగ దవడ

పొందూరు పంచె మడత విప్పగానే గంజి వాసన వస్తుంది. దాని వెనకే, నాకు మాత్రమే, ఎండిన చేప వాసన కూడా వస్తుంది. అప్పాయమ్మ నూలు వడకడానికి ముందు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ సన్నని పళ్ల మధ్య చెత్త రాలిపోయి పత్తి పొగలా తేలేది. మా దివాణం గోడ కూలినచోటే ఆమె పాక. భూములూ పల్లకీ పోయాక మాకు మిగిలింది తాతగారి మాట ఒక్కటేనని నేను నిటారుగా తిరిగిన రోజులవి, అరవైల చివర.

ఆ మాటకే ముప్పు వచ్చింది. పాక వెనకున్న పత్తి చేనును తాతగారు బతికుండగా ఆమెకు నోటిమాటగా ఇచ్చారు. చుట్టుపక్కల మా భూములన్నీ కొన్న కొత్త కామందు దాన్నీ కలుపుకుని కంచె వేశాడు. అడగడానికి వెళ్తే అరుగు మీంచి లేవనైనా లేవలేదు.

"దివాణం పోయినా దర్జా పోనేదేటి బాబూ? మీ తాత ఇచ్చాడని సెప్పే మడిసినొకణ్ణి తే, సూద్దాం."

ఇచ్చిననాడు తాతగారి పక్కనున్నది మా పాత పాలేరు సూరన్న ఒక్కడే. అప్పటికతను కామందు దగ్గర పనిచేస్తున్నాడు. నేనడిగితే తల దించుకుని, "నాకేటీ తెల్దు బాబూ" అన్నాడు.

ఇంటికొచ్చి తాతగారి చేతికర్ర అందుకున్నాను. అప్పాయమ్మ మా గుమ్మానికి అడ్డంగా కూర్చుని పత్తి దువ్వుతోంది.

"నీ ఎన్నుపూసే ఓ కర్ర గదా, ఇంకోటెందుకు బాబూ?"

"నీ చేను పోతోంది!"

"పోతన్నాది. నాకూ కడుపు మండతన్నాది. రాములోరి ముందు అడుగుదుం. ఆయన సూస్తన్నాడు."

"ఇన్నాళ్లూ చూసి ఏం చేశాడు?"

"నాకేటి తెలుసు? ఆయన పని ఆయన్ని సెయ్యనీ. నువ్వెల్లి సూరన్న బుర్ర పగలగొడితే నిజం సెప్పాల్సిన నోరు కూడా పోతాది."

మా ఊళ్లో సాక్ష్యం చెప్పేవాడు రామాలయంలో వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పాలి. అబద్ధానికి ఆర్పినవాడి ఇంట దీపం నిలవదని అందరికీ భయం. అప్పాయమ్మ కోరితే ఊరి పెద్దలు అక్కడే కూర్చున్నారు. కామందు ధీమాగా సూరన్నను ముందుకు తోశాడు. "ఆర్పరా!"

సూరన్న చెయ్యి చాపాడు. అది మంట మీదికి దిగలేదు. కర్పూరం తనంత తానే కరిగి ఆరిపోయింది. కామందు ఇంకో బిళ్ల వెలిగించమన్నాడు. ఈసారి సూరన్న కూలబడి ఏడ్చేశాడు.

"ఇచ్చారు బాబూ! పెద్దబాబుగారు నా ఎదరే ఇచ్చారు."

పెద్దలు అప్పటికప్పుడే కంచె తీసెయ్యమన్నారు. కామందు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. గెలిచిన ఊపులో నేను, "ఈ సూరన్నను ఊళ్లోంచి తరిమెయ్యాలి" అన్నాను.

అప్పాయమ్మ వినిపించుకోకుండా అతని చేతికి నీళ్ల చెంబు అందించింది. "తాగరా. రేపట్నుంచి ఆడు నీకు పనివ్వడు. నా సేనికి కాపలా నువ్వే." తర్వాత నావైపు తిరిగింది. "అంత గట్టిగా దువ్వకు బాబూ. సెత్త రాలాల గానీ పత్తి పీసు తెగకూడదు. రాములోరు ఇయ్యాల అలాగే దువ్వేడు కాదేటి?"

ఆ చేలో పత్తి విచ్చాక, ఆమె వడికిన నూలుతో నేయించిన పంచెను సూరన్నే తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు దివాణం లేదు, వాళ్లిద్దరూ లేరు. పళ్లు కొన్ని ఊడిన ఆ దవడ నా దగ్గరుంది. ఎక్కడైనా అన్యాయం జరిగితే ఇప్పటికీ నిటారుగానే వెళ్లి అడుగుతాను. తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడన్న నిశ్చింతతో, చేతికర్ర మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్తాను.