నీళ్ళ గడి వంకర

పేరంటూ ఒకటి ఏడ్చింది గానీ, ఇంట్లో అందరూ ఆమెను చూపులమ్మాయి అనే పిలుస్తారు. చేసే పని అలాంటిది మరి. చెయ్యి కదలనివాళ్ళు కంటిచూపుతోనే కంప్యూటరు వాడుకునేలా తెరలు తయారుచేస్తుంది. తెర మీద ఏ గడి మీద చూపు క్షణంసేపు నిలిస్తే ఆ గడి నొక్కినట్టు. వినడానికి సులువే. కానీ కన్ను ఊరికే ఉంటుందా? ఈగ వాలినా అటే పోతుంది. ఎంతసేపు నిలిస్తే నొక్కినట్టు అన్నది తేల్చడానికే ఆమె ఆరేళ్ళు జుట్టు పీక్కుంది.

చివరికి ఆ తెర సొంత మేనమామకే కావలసి వచ్చింది. నలభై ఏళ్ళు దర్జీపని చేసిన మనిషి. జబ్బు చేసి కాలూ చెయ్యీ నోరూ పడిపోయాయి. మిగిలినవి కళ్ళే. మతి కూడా పోయిందేమోనని డాక్టరు అనుమానం. ఈ పూట ఆయన అర్థమున్న మాట ఒక్కటైనా చెప్పకపోతే ఈ తెర యంత్రం ఇంకో రోగికి వెళ్ళిపోతుంది.

ఆయనేమో తెర మీద "నీళ్ళు" అన్నాడు. అత్తయ్య చెంచాతో పట్టింది. మళ్ళీ "నీళ్ళు". మళ్ళీ పట్టింది. అయిదోసారి పట్టినవి మింగకుండా బయటికే కారిపోయాయి, తెర మాత్రం "నీళ్ళు" అంటూనే ఉంది. డాక్టరు బ్యాగు సర్దుకోసాగాడు.

"మతి పోయిందంటే నేను ఒప్పుకోను," అత్తయ్య విసురుగా అంది. "ఈయన చూపే అంత! మొదటిసారి కలిసిన రోజు నా మొహం చూశారనుకున్నావా? నా జాకెట్టు కాలరు వంకరగా ఉందని దాన్నే చూస్తూ కూర్చున్నారు."

చూపులమ్మాయి ముక్కు తెరకు ఆనేంత వంగింది. నీళ్ళ గడి మిగతా వరసకంటే వెంట్రుకవాసి కిందికి ఉంది. నిన్న తొందరలో కొలత చూసుకోకుండా తనే లాగి పెట్టింది. ఎవరి కంటికీ ఆనదులే అనుకుంది. దర్జీ కంటికి ఆనకుండా ఉంటుందా! సిగ్గుతో చచ్చిపోతూ గడిని వరసలోకి జరిపింది.

"మామయ్యా, ఇప్పుడు తిన్నగా ఉందా?"

ఆయన కళ్ళు ఆ గడిని దాటేసి కింద ఉన్న అక్షరాల గడుల వైపు నడిచాయి. ఒక్కొక్కటే పడుతోంది. డాక్టరు బ్యాగు కింద పెట్టేశాడు.

"జాకెట్టు ఎడమ చెయ్యి పొట్టి. ఎవడు కుట్టాడే?"

అత్తయ్య తన కొత్త జాకెట్టు చూసుకుని బావురుమంది. "వీధి చివర వాడు. మీరు మంచం మీదుంటే నాకింకెవరు కుడతారు!"

కళ్ళు మళ్ళీ కదిలాయి.

"కుట్లు విప్పు. నేను చెబుతాను."