మత్తుసూది తుపాకికి మర వేసిన రేణుకక్క

అటవీ అధికారులు కబురు చేస్తే వెళ్లి అడవి జంతువులకు వైద్యం చేసే ఒక చిన్న సంస్థలో నేను పశువైద్యురాలిని. ఊళ్లోకి వచ్చిన జంతువుకు దూరం నుంచి మత్తుసూది కొట్టి, అది నిద్రపోయాక బోనులోకి చేర్చాలి. ఆ సూది కొట్టడానికి ఒక తుపాకి ఉంది. గురి చూసుకోవడానికి దాని మీద చిన్న దుర్భిణి ఉంటుంది. మేం స్కోపు అంటాం. అది ఒక లోహపు పట్టీ మీద కూర్చుంటుంది, ఆ పట్టీని తుపాకికి నాలుగు మరలతో బిగిస్తారు.

కిందటి చలికాలం వికారాబాద్ వైపు ఒక మామిడితోటలో చిరుతకు సూది కొట్టాను. అది జానెడు పక్కన మట్టిలో దిగింది. చిరుత లేచి గోడ దూకి వెళ్లిపోయింది. మూడు రోజులు ఆ ఊరివాళ్లు పిల్లల్ని బడికి పంపలేదు. నాలుగో రోజు అది అడవిలోకి వెళ్లిపోయిన జాడలు దొరికాయి కానీ, అప్పటిదాకా నాకు అన్నం సయించలేదు. పదకొండేళ్లలో అంత దగ్గర నుంచి తప్పడం అదే మొదలు. నా చెయ్యి పోయిందనుకున్నాను.

ఆఫీసుకొచ్చి చూస్తే స్కోపు వేలితో కొంచెం తోసినా కదిలింది. ఉన్న బలమంతా పెట్టి మరలు బిగించాను. ముందువి రెండూ కరకరమన్నాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా ఊరికే తిరగసాగాయి. రంధ్రాల్లో మర పట్టే గాడులు కొట్టుకుపోయాయి. కంగారులో వాటినిండా జిగురు కూరాను. అది ఇంకా పెద్ద తప్పని తర్వాత తెలిసింది.

తుపాకులు బాగుచేసేవాళ్లు అల్యూమినియం బాడీ అయితే మేం ముట్టుకోం అన్నారు. విదేశంలోని కంపెనీకి పంపితే తిరిగి రావడానికి నాలుగు నెలలు. అప్పుడు మా ఆఫీసులో పనిచేసే అభిజిత్ చెప్పాడు, చిక్కడపల్లిలో రేణుక అని ఒకామె భూమి కొలిచే యంత్రాలు బాగుచేస్తుందని, ఇంజనీరుగా చేసిన అభిజిత్ తండ్రి ఆమె చేతికి తప్ప ఇంకెవరికీ తన యంత్రం ఇచ్చేవాడు కాదని.

మార్కెట్ వెనక సందులో, టైలరుకూ జిరాక్సు షాపుకూ నడుమ ఒక్క షట్టరు. లోపల ఒక బల్ల, ఒక స్టూలు, లోహం చెక్కే ఒక లేతు మిషను. రేణుకక్కకు యాభై ఆరేళ్లు. కళ్లద్దాల పైన ఇంకో భూతద్దం దారంతో కట్టుకుని ఉంది. నన్ను గడప దగ్గరే ఆపి తుపాకి ఖాళీగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. నా మాట నమ్మకుండా తనే తెరిపించి చూసుకుంది. తర్వాత అనుమతి కాగితాలు తీసుకుని, పెదవులు కదుపుతూ ప్రతి వరుసా చదివింది. అంతా అయ్యాకే కూర్చోమంది.

మరలు ఒక్కొక్కటే విప్పి తెల్లగుడ్డ మీద వరసగా పెట్టింది.

"ఇవి ఎవరు బిగించిన్రు డాక్టరమ్మా?"

ముందు వాడినవాళ్లెవరో అన్నాను. ఆమె పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించింది. నేను తాగుతుంటే భూతద్దం నా చేతికిచ్చి ఒక మర తల చూపించింది. దాని మూలల్లో కొత్త మెరుపు కనిపించింది.

"ఇది పాత గీత గాదు. పది దినాలల్ల పడ్డది. తిట్టనీకి అడుగుతలేనమ్మా. ఎంత జోరుగ తిప్పిన్రో తెలిస్తే లోపట ఎంత ఖరాబైందో ఎరుకైతది."

"నేనే తిప్పిన అక్కా," అన్నాను. "భయమైంది."

ఆమె తలూపి, జిగురు గీకే పని మొదలుపెట్టింది. చేతులు పని చేస్తుండగానే తన సంగతి చెప్పింది. వాళ్ల నాన్న పేరు శ్రీశైలం, నారాయణగూడలో ఒక ప్రెస్సులో అచ్చు మిషను తిప్పేవాడట. కూతుర్ని ఐటీఐలో ఫిట్టరు కోర్సులో చేర్పిస్తే, క్లాసు మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. చదువయ్యాక దోమలగూడలో సర్వే యంత్రాల షాపు నడిపే జగన్నాథరావుగారు పనిలో పెట్టుకున్నారు. రెండో నెలలోనే ఒక యంత్రంలో గాడులు కోసే ట్యాపు విరిగి రంధ్రంలో ఉండిపోయింది. భయపడి పైన మైనం పూసి, రంగు వేసి, దాచేసింది. యంత్రం కాలువ పనికి వెళ్లి, సరిగా పనిచేయక తిరిగొచ్చింది. జగన్నాథరావుగారు రంగు గీకి చూశారు. ఆ విరిగిన ముక్కను ఆమెతోనే తీయించారు. తొమ్మిది రోజులు పట్టింది.

"తొమ్మిదో దినం ముక్క బయటికొచ్చినంక ఏడ్చిన. సార్ ఏమన్నరో తెల్సా? ఇరిగితే జెప్పు, నేనున్న గద అన్నరు. ముప్పై ఏండ్లు ఆయన దగ్గర్నే చేసిన. ఆయన పోయినంక ఈ లేతు ఇంట్లోళ్లు నాకే ఇచ్చిన్రు."

జిగురంతా తీసేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు ఆమె ముందు మరను రంధ్రంలో దించి, బయట ఎంత మిగిలిందో చూసి, తీసి, ఇంకో మర పక్కన పెట్టి కొలిచింది. ఆ మరలు ఎప్పటివని అడిగింది. ఆ ఏడాదే స్కోపు కింది పట్టీ మార్పించామని, దాంతోపాటు వచ్చినవేనని చెప్పాను.

"ఇవి పొడుగున్నయి. అడుగుకు తాకి ఆగుతున్నయి. మనమేమో గట్టిగైందనుకుంటం. పట్టీని ఇవి మొదటిసంది పట్టనే లేవు. చిరుత కాడ తప్పింది మీ చెయ్యి గాదు డాక్టరమ్మా."

నేను సందులోకి వచ్చి కాసేపు నిలబడ్డాను. అశోక్‌నగర్ వైపు నుంచి కోచింగ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుంపుగా వస్తున్నారు. వాళ్లకు కనబడకుండా కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాను.

మిగతా పని ఆ రోజు చేయనంది. రంధ్రం కింద నాలుగు మిల్లీమీటర్ల లోహమే ఉంది, ఆ కిందే గాలి నిండే గొట్టం. డ్రిల్లు అదుపు తప్పి లోతుగా దిగితే తుపాకి పనికిరాదు. పొద్దున స్నానం చేసి వచ్చిన చెయ్యితోనే అలాంటి పని చేస్తానంది.

మర్నాడు నేను వెళ్లేసరికి తుపాకి మెత్తటి చెక్కల మధ్య బిగించి ఉంది. రంధ్రాలను కొంచెం వెడల్పు చేసింది. ఎంత లోతు దిగాలో తెలియడానికి డ్రిల్లుకు ఉంగరంలాంటి గట్టి కాలరు తొడిగింది. ట్యాపును చేత్తోనే, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ కొత్త గాడులు కోసింది. రాలిన పొడిని ఊది శుభ్రం చేసి, ఆ గాడుల్లో స్ప్రింగులా ఉండే స్టీలు తీగచుట్టను దించింది. ఇక మీద మర పట్టేది అల్యూమినియాన్ని కాదు, ఆ స్టీలును. పొడుగు మరలను ఆకురాయితో అరగదీసి పొట్టి చేసింది. చివరి మర బిగించే పని నాకిచ్చింది. పిడికిలితో పట్టుకోబోతే ఆపి, మర తిప్పే కీని రెండు వేళ్లతో పట్టించింది. వేళ్లు ఆగినచోట ఆపమంది.

ఆ వారం మా శిక్షణ మైదానంలో ముప్పై మీటర్ల నుంచి పది ఖాళీ సూదులు కొట్టాను. పదీ నా అరచెయ్యంత చోటులో పడ్డాయి. ఫోన్ చేసి చెప్తే, స్కోపు కదిలిందా అని మాత్రం అడిగింది.

ఫిబ్రవరిలో ఒక ఎలుగుబంటి ఎండిన బావిలో పడింది. గట్టు మీద నుంచి ఒక్క సూదితో దాన్ని నిద్రపుచ్చి పైకి తీశాం. కాలికి గాయముంటే మా కేంద్రానికి తెచ్చాం. మర్నాడు కట్టు మార్చడానికి మళ్లీ మత్తు ఇవ్వాలి. ఆ సమయానికి రేణుకక్కను పిలిచాను. ఆమె షట్టరు దించి, ఇస్త్రీ చీర కట్టుకుని, మా జీపెక్కింది.

మొదట గది గుమ్మం దాటలేదు. ఎలుగుబంటి మత్తులో ఉంది, భయం లేదని చెప్పి దగ్గరికి తీసుకెళ్లాను. ముందు దాని గోళ్లు చూసింది, తన వేలు పక్కన పెట్టి పొడవు కొలిచింది. తర్వాత నన్ను అడిగి, రెండు వేళ్లు దాని భుజం మీద ఆనించింది. కాసేపటికి అరచెయ్యంతా ఆనించింది. నేను కట్టు కట్టడం పూర్తయ్యేదాకా చెయ్యి తీయలేదు.

తిరుగు దారిలో ఆమెను దింపడానికి నేనూ వెళ్లాను. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పడి జీపు ఆగింది.

"దాని ఊపిరి నా చేతికి తెలిసింది డాక్టరమ్మా," అంది. "మస్తు నిదానంగ తీస్తది."