పద్నాలుగు పైపులు

అబ్దుల్ రహమాన్ దొంగ అని రాసిన కాగితం మీద మొదటి సంతకం పార్వతమ్మదే. అప్పుడామె వార్డు మెంబరు. తొమ్మిదేళ్ల కిందటి మాట.

రహమాన్ బోరింగుల మెకానిక్. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల చేతితో కొట్టే బోరింగు ఏది ఆగినా, సైకిల్‌కు పానాల సంచి తగిలించుకుని ఆయనే వచ్చేవాడు. పార్వతమ్మ వాడకట్టులో బోరింగు దింపినప్పుడు ఏడు పైపులు పట్టాయి. పైపు పది అడుగులు. చుట్టూ పొలాల్లో కరెంటు బోర్లు పడేకొద్దీ నీళ్లు కిందికి జారాయి. ఆయన ఏడాదికొకటి చొప్పున పైపు అతుకుతూ పోయాడు. ఏడు కాస్తా పద్నాలుగు అయ్యాయి. బిందె పెడితే నీళ్లు పడుతూనే ఉన్నాయి కనుక, అవి ఎంత లోతు నుంచి వస్తున్నాయో ఎవరూ అడగలేదు. పని బాగా చేయడమే ఆయన చేసిన తప్పు.

గ్రామసభలో లేచి, ఇక కొత్త బోర్లు ఆపమన్నాడు రహమాన్. నాలుగు బోర్లు వేసి వరి పెడుతున్న సతీష్‌కు అది కాలింది.

"ఏడు పైపుల బోరింగుకు పంచాయతీల పద్నాలుగు తీసుకపోయినవ్. మిగిలినయి ఏడ వోయినయ్ భాయ్? భూమి మింగిందా, లేకుంటే మీ ఇంటి పందిరికి నాటినవా?"

జనం నవ్వారు.

"నీళ్లు దిగినయన్నా, వాటెంట పైపులు దిగినయి. నమ్మకుంటే లేపి చూడుండ్రి."

బోరింగు లేపాలంటే ఆరుగురు మనుషులు, సగం రోజు కావాలి. ఒక మెకానిక్ పరువు కోసం అంత కష్టం ఎవరు పడతారు? సంతకానికైతే నిమిషం చాలు. రహమాన్ పని పోయింది. వనపర్తిలో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో కుదిరాడు. ఊళ్లో బోర్లు పడుతూనే ఉన్నాయి.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. బోరింగు పిడి విరిగితే ఎవరూ పట్టించుకోలేదు. మొన్న ఎండాకాలం మురికికాలువకు అడ్డమొచ్చిందని దాన్ని పీకారు. ఒక్కో పైపు పైకి వస్తుంటే పార్వతమ్మ వాకిట్లో నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిదోది వచ్చేసరికి పైకి లెక్కపెట్టడం ఆపేసింది. ఆ తర్వాత వేళ్ల మీదే లెక్క. పద్నాలుగు. అక్కడే ఉన్న సతీష్, ఫోన్ చెవికి ఆనించుకుని పక్కకు పోయాడు.

మూడో రోజు ఆమె బస్సెక్కి వనపర్తి పోయింది. ఆమె రహమాన్‌ను చూడటం అదే ఆఖరు. గడ్డం నెరిసిపోయిన మనిషి, కాళ్ల మధ్య మోటారు పెట్టుకుని తీగ చుడుతున్నాడు.

"రా పార్వతక్కా, కూసో. చాయ్ తాగుతవా?"

"తాగ భాయ్. ముందుగాల నా మాట ఇను. బోరింగు లేపిండ్రు. పద్నాలుగు ఎల్లినయి, నేనే లెక్కవెట్టిన. నా చేతులిరగ, నీ మీద సంతకం వెట్టిన. ఊరందరి ముంగట నువ్వు దొంగవు కావని చెప్తా."

చుడుతున్న చెయ్యి ఆగింది.

"ఎన్నిటికి తడి ఉండె అక్కా?"

"తడేంది?"

"కింది పైపులు తడిగ వస్తయి గద. అవి ఎన్నో చూస్తే, నీళ్లు ఇంక ఎంతున్నయో తెలుస్తది."

పార్వతమ్మ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. వేళ్ల మీది లెక్క తప్ప కళ్ల ముందుకు ఇంకేమీ రాలేదు.

"నేను చూడలే భాయ్. ఎవ్వరం చూడలే."

"ఇప్పుడు ఏడ వెట్టిండ్రు?"

"బడి గోడకు. మూడొద్దుల సంది ఎండల."

రహమాన్ మళ్లీ తీగ అందుకున్నాడు.

"మూడొద్దులాయె. ఆరిపోయుంటయి అక్కా. ఇంక తెల్వదు."